మమ్మల్ని పైన పెట్టకండి

తన జట్టుకు అట్టడుగు స్థానం దక్కాలని మొక్కుకునే కోచ్ లోకంలో మరొకతె ఉంటుందా అని వాసంతికి అనుమానం వచ్చింది, అనుమానం వచ్చినా మొక్కు మానలేదు, ఎనిమిదోదే ఇప్పించు తండ్రీ, ఏడైతే సర్దుకుంటాను, అంతకు మించి ఒక్క మెట్టు కూడా పైకి పోనివ్వకు, అని పెదవులు కదలకుండా అనుకుంటూ, కోకాపేటలోని ఆ అద్దాల భవనం పధ్నాలుగో అంతస్తులో, ఇంకా తలుపులు తెరవని సమావేశ మందిరం ఎదుట, కూర్చున్నవాళ్ళను లోపలికి లాక్కునే మెత్తటి సోఫా అంచున నడుము నిటారుగా పెట్టి కూర్చుంది. ఏసీ చల్లదనం మోకాళ్ళలోకి దిగుతోంది. పమిట భుజాల చుట్టూ లాక్కుంది. అద్దం అవతల, చాలా కింద, వాన వెలిసిన రింగు రోడ్డు మీద కార్లు చప్పుడు లేకుండా జారిపోతున్నాయి, చప్పుడు లేని కదలిక దేన్ని చూసినా ఆమెకు నమ్మకం కలగదు, ఆటైనా అంతే, బంతి చేతిని తాకిన శబ్దం వింటే చాలు అది ఎక్కడ పడుతుందో చూడకుండా చెప్పగలదు, ఇక్కడేమో గంటలో తన బతుకంతటినీ తేల్చే సంఖ్య ఒకటి ఆ మూసిన తలుపుల వెనక ఏ కంప్యూటర్లోనో ఇప్పటికే సిద్ధమై నోరు మూసుకుని కూర్చుంది. అంచనా! ఆటలు మొదలయ్యేది వచ్చే వారం. ఒక్క సర్వీసు పడలేదు, ఒక్క ఈల మోగలేదు, అయినా ఏ జట్టు ఎన్నో స్థానంలో ముగుస్తుందో ఈ సాయంత్రమే ప్రకటిస్తారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఇంత పెద్ద తెర కట్టి, ఇన్ని దీపాలు పెట్టి, సమోసాలతో సహా పండుగ చేయవచ్చునని ఈ ప్రాంతానికి నేర్పినవాడు ఈ మహిళా కళాశాలల వాలీబాల్ లీగుకు ఖర్చు పెట్టే కంపెనీ పెద్దమనిషి, ఆయన ఏదో విదేశీ విశ్వవిద్యాలయంలో చదివిన రోజుల్లో చూసి వచ్చాడట, అక్కడ ఆట కంటే ముందు ఆట గురించిన జోస్యం వస్తుందట. జోస్యం చెప్పేది కోచ్‌లే. ఎనిమిది కళాశాలలు, ఎనిమిది మంది. ఎవరి జట్టును వారు లెక్కలోకి తీసుకోకూడదు, తక్కిన ఏడింటినీ ఒకటి నుంచి ఏడు దాకా వరుస పెట్టి పంపాలి. వాటన్నిటినీ కూడితే ఎవరి మొత్తం తక్కువో వారు పైన, ఎక్కువో వారు కింద.

కింద ఉండటమే కావాలి వాసంతికి, ఎందుకంటే ఉదయ్ భాస్కర్ ఆ మాట అన్నాడు. ఆయన తమ కొండాపూర్ కళాశాల స్థాపించిన పెద్దాయన కొడుకు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో బాగా పైకి ఎదిగి, తండ్రి పోయాక కరస్పాండెంటుగా వచ్చినవాడు, చెడ్డవాడు కాడు, చెడ్డవాడైతే పోట్లాడటం సులభమయ్యేది. గొంతు పెంచడు, కుర్చీ చూపించకుండా మాట మొదలుపెట్టడు, పదవీ విరమణ చేసిన తనను కాంట్రాక్టు మీద అట్టిపెట్టుకున్నదీ ఆయనే. "నేను ఆటలకు వ్యతిరేకిని కాదండీ మేడం," అన్నాడు కాఫీ ముందుకు జరుపుతూ. "కంపెనీ ఏం చేస్తుందో చూడండి. ఈ క్వార్టర్‌లో ఇంత చేస్తామని ముందే చెబుతుంది. అంత చేస్తే షేరు నిలబడుతుంది, తగ్గితే పడిపోతుంది. పోయినేడు మనల్ని అయిదో స్థానంలో వేశారు, ఎనిమిదిలో తేలాం. ఈ ఏడు వేసే అంచనాకు ఒక్క మెట్టు కిందికి దిగినా సరే, మీ కోర్టు ఉన్నచోట కొత్త బ్లాకుకు సెల్లార్ తవ్విస్తాను. దిగకపోతే ఆ మాటే ఎత్తను. ఫెయిరే కదండీ?" ఫెయిరేనండీ అన్నది తను. ఆ మాట ఎందుకు అన్నదో ఈనాటికీ బోధపడదు. విశ్వవిద్యాలయంలో గణాంక శాస్త్రం చదివి, జట్టుకు నాయకత్వం వహించి, సంఖ్యలకూ చెమటకూ మధ్య ఉన్న దూరమెంతో తెలిసిన మనిషి, ఒక కప్పు కాఫీ మర్యాదకు లొంగి తల ఊపింది. ఊపిన తరువాత, ఆ గది మెట్లు దిగుతూ దిగుతూ, తల ఊపినందుకు ఫలితంగా చేయవలసినదేమిటో లెక్క కట్టుకుంది. అంచనా కంటే దిగజారకూడదంటే రెండు దారులు. బాగా ఆడటం ఒకటి. ఎవరూ ఏమీ ఆశించకుండా చూసుకోవటం రెండోది. మొదటిది పిల్లల చేతిలో ఉంది, రెండోది తన చేతిలో ఉందనిపించింది, ఎనిమిదో స్థానం నుంచి ఇక దిగటానికి మెట్టే లేదు కదా అని ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

ఆ నేల. ఇప్పుడు చూసినవాళ్ళకు రెండు అద్దాల బురుజుల మధ్య ఇరుక్కున్న మట్టి చతురస్రం, బంతి గోడ దాటితే పక్క కంపెనీ కార్ల మీద పడుతుంది, సెక్యూరిటీ అతను విసుక్కుంటూ తిరిగి విసురుతాడు. కాని ఆమె వచ్చిన కొత్తలో చుట్టూ బండలే, నెట్టు కట్టడానికి స్తంభాలు పాతబోతే గడ్డపార వంగిపోయింది, బాపట్ల ఇసుకలో ఆడి పెరిగిన తనకు నేల ఇంత మొండిగా ఉంటుందని అప్పుడే తెలిసింది. బురుజులు లేచాక గాలి మారింది. ఆ రెంటి సందులోంచి సాయంత్రం పూట ఒక ఈదురుగాలి దూసుకొచ్చి, సరిగ్గా నెట్టు మీదుగా పోతుంది, లిఫ్టర్ ఎత్తి ఇచ్చిన బంతిని ఒక జానెడు ఎడమకు తోసేస్తుంది. కొట్టేవాళ్ళకు బంతిని అందించే లిఫ్టర్‌కు జానెడంటే ప్రాణం. పోయినేడు సొంత కోర్టులో అలా పోగొట్టుకున్నవే ఆటలన్నీ, అందరూ అమ్మాయిలకు ఒడుపు లేదన్నారు, గాలికి ఒడుపు ఉందని ఎవరికి చెప్పుకుంటుంది. చెప్పుకోలేదు. ఆ తరువాత రసజ్ఞ వచ్చింది. పొట్టిపిల్ల, రెండో సంవత్సరం, తల్లీ తండ్రీ ఇద్దరూ పగలంతా కంప్యూటర్ల ముందు ఉండేవాళ్ళు, ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేకనో ఏమో ప్రతిదానికీ ఎందుకు ఎందుకు అని అడిగే పిల్ల. ఆ పిల్ల గాలితో పోట్లాడటం మానేసి, గాలి ఎంత తోస్తుందో అంత కుడికి ఇవ్వటం మొదలుపెట్టింది, ఎవరూ చెప్పలేదు, తనంతట తనే. ఈ ఏడు లీగంతా పైకప్పున్న హాల్లోనే అని తెలిసి, ఒక ఆదివారం వాసంతి జట్టును గచ్చిబౌలిలో అద్దె హాలుకు తీసుకెళ్ళింది. గాలి లేదు. మొదటి పది నిమిషాలు రసజ్ఞ ఇచ్చినవన్నీ కుడికి పోయాయి, అందరూ నవ్వారు, పిల్ల నవ్వలేదు, ఆగి, చేతులు తుడుచుకుని, మళ్ళీ ఇచ్చింది. ఆ బంతి పైకి లేచి, ఎవరో చిలక్కొయ్యకు తగిలించినట్టు, అక్కడే నిలిచింది. కొట్టే అమ్మాయికి దాన్ని తాపీగా చూసుకునేంత వ్యవధి దొరికింది. ఆ తరువాత ఒకటి, మరొకటి. వాసంతి ఈల నోట్లోనే ఉండిపోయింది. గాలిలో నేర్చుకున్న చేతులకు గాలి లేని చోటు ఎంత విశాలమో చూస్తూ, ఈ పిల్లలు వేరే పిల్లలు, వీళ్ళు ఎనిమిదోవాళ్ళు కారు, అని తెలుసుకుంది. తెలుసుకున్న ఉత్తర క్షణమే, ఇది ఎవరి కంటా పడకూడదు అనుకుంది.

అందుకే కదా తోటి కోచ్ వీరేశం గారి జట్టుతో సన్నాహపు ఆట పెట్టుకున్న రోజున ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టింది. "నీకు మడమ నొప్పి కదూ, ఇవాళ వద్దులే." "నా మడమకేం కాలేదు మేడం." "కూర్చోమన్నాను కదమ్మా." కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ఆట సాగినంతసేపూ బూటు తాడు విప్పుతూ కడుతూ, ఆట వంక కాకుండా వాసంతి వంక చూస్తూ కూర్చుంది. జట్టు చిత్తుగా ఓడింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పాటలు లేవు. తనకు మాత్రం లోపల్లోపల తృప్తి, చూసినవాళ్ళు చూసినట్టు వెళ్ళి రాసుకుంటారు, కొండాపూర్ వాళ్ళా, వాళ్ళ పని అయిపోయింది అని. పిల్లలు ఓడితే తృప్తి పడ్డ ఆ మనసును ఆ తరువాత ఎన్నిసార్లు అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుందో, తిప్పిన ప్రతిసారీ దాని అడుగున అంటుకుని ఉన్న కారణం సరైనదే, కోర్టు ఉంటేనే కదా పిల్లలు ఉంటారు, కోర్టు ఉండాలంటే కింద ఉండాలి, కింద ఉండాలంటే ఓడాలి, ఒక్కొక్క మెట్టూ సరిగ్గానే ఉంది, అన్నీ సరిగ్గా ఉన్న మెట్లు దిగి తాను చేరిన చోటే సరిగ్గా లేదు.

తలుపుల దగ్గర ఎవరో నీలం రిబ్బన్లు కడుతున్నారు. పొద్దు తిరిగింది కాబోలు, ఎదుటి భవనం అద్దాల్లోంచి వెలుగు ఎగిరి వచ్చి ఆమె ఒళ్ళో పడింది. ఇంతకూ ఎవరు ఎవరిని ఎక్కడ పెట్టి ఉంటారు? మొదటి స్థానం గురించి అయితే ఆలోచించనక్కర లేదు, ఆ స్థానమంటే ఈ కోచ్‌లందరికీ దడ. ఒక ఏడు అగ్రస్థానం అని ప్రకటించిన జట్టులో నాయకురాలి మణికట్టు విరిగింది, మరో ఏడు హాస్టలంతా పచ్చకామెర్లు, అప్పటి నుంచి నరుడి దృష్టికి నల్లరాళ్ళు పగులుతాయన్న మాట ఈ లీగులో శాసనమైపోయింది. రెండు మూడు సంఘటనలతో ఏ సిద్ధాంతమూ నిలవదని గణాంక శాస్త్రం చదివిన వాసంతికి తెలుసు. తెలిసీ, వీధి కూడలిలో పగిలిన గుమ్మడికాయ కనిపిస్తే పక్కకు తప్పుకునే నడుస్తుంది. అంచనాలు పంపవలసిన వారంలో ఫోన్ల మీద ఫోన్లు. అందరికంటే ముందు వీరేశం గారు. "మేడం, జర మీ కాళ్లు మొక్కుత. మా పిల్లలను పైన వెట్టకుండ్రి. పోయినేడు వెడితిరి, ఏమాయె? కెప్టెన్ చెయ్యి ఇరిగె. మా అమ్మ రోజు దిష్టి తీసుడే పనైంది." "నిజానికి మీరే కదండీ అందరిలో బలంగా ఉన్నది," అని నవ్వింది వాసంతి. "అందుకే గద చెప్తున్న! బలం లేనోనికి దిష్టెందుకు తగుల్తది మేడం?" ఆ తరువాత మరొకరు, ఇంకొకరు, ఒకరు మర్యాదగా, ఒకరు కన్నీళ్ళ గొంతుతో, ఒకావిడైతే తిరుపతి లడ్డూ పట్టుకుని స్వయంగా వచ్చింది. బోసినవ్వుల బిడ్డను ఎంత బొద్దుగా ఉన్నాడో అనకూడదన్నట్టే ఇదీ ఒక మర్యాద అయికూర్చుంది. ఫోను చేయనిది ఒక్క రేఖ. గోపన్‌పల్లి కళాశాల కోచ్, ఒకప్పుడు తన శిష్యురాలే, ఆ రోజుల్లో మైదానానికి మేకలను తోలుకుంటూ వచ్చిన పిల్ల. వద్దు వద్దన్నవాళ్ళ విస్తట్లో వడ్డించటం మర్యాద కాదు కనుక, అడగనిది రేఖ ఒక్కతే కనుక, వాసంతి మొదటి గడిలో రేఖ జట్టు పేరు రాసి పంపేసింది. రాస్తున్నప్పుడు చెయ్యి ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు.

తటపటాయింపు ఇప్పుడు వచ్చింది. అద్దంలోంచి ఒళ్ళో పడ్డ వెలుగు మెల్లిగా పక్కకు జరుగుతూ ఉండగా, ఏ కారణమూ లేకుండా, లేక అన్ని కారణాలూ ఒక్కసారిగా కూడివచ్చి, ఆమెకు ఆ ప్రశ్న తోచింది: నేను అడగనివాళ్ళకు పెట్టాను, మరి తక్కినవాళ్ళు ఎవరికి పెట్టి ఉంటారు? వాళ్ళూ అడగనివాళ్ళకే. వాళ్ళను అడగనిది ఎవరు? వాళ్ళందరూ ఒకరినొకరు అడుక్కున్నారు. అడుక్కోనిది తను. ఎనిమిదిలో తేలిన జట్టును ఎవరు పైన పెడతారులే అన్న ధీమా ఒకటి, కింద పెట్టండి బాబూ అని ఒకరిని ప్రాధేయపడటానికి నోరు రాని అభిమానం మరొకటి, ఈ రెండూ కలిసి తన నోరు కుట్టేశాయి, ఆ నోరు తెరవకపోవటమే ఆ ఏడుగురి కాగితాల మీద అక్షరమై కూర్చుంది. కాదు, కాదు, తొందరపడకూడదు, రేఖ కూడా అడగలేదుగా, అడగనివాళ్ళం ఇద్దరం ఉన్నాం, మొదటి స్థానాలు ఇద్దరికీ చీలిపోతాయి, సగం అటు సగం ఇటు, అప్పుడు ఏ మూడో స్థానమో, మూడైనా ప్రమాదమే, మొదటిది మాత్రం రాదు, రేఖ ఉంది, రేఖ ఉంది కదా, అని ఆ ఒక్క పేరునూ పట్టుకుని వేలాడుతూ ఉండగా లిఫ్టు తలుపులు తెరుచుకుని రేఖే వచ్చింది.

"మేడం! గింత ముందుగాల వచ్చిన్రేంది? ఛాయ్ తాగిన్రా?" వంగి పాదాలకు దణ్ణం పెట్టబోతే వాసంతి భుజం పట్టుకుని ఆపి, పక్కన కూర్చోబెట్టుకుంది. క్షేమసమాచారాలు అడిగే ఓపిక లేదు.

"రేఖా, నువ్వు ఎవరికైనా ఫోను చేశావా? పైన పెట్టవద్దని?"

రేఖ నాలుక కరుచుకుంది. "చేసిన మేడం. అందరికి చేసిన. మీకొక్కరికే చెయ్యలే."

"నాకెందుకు చేయలేదు?"

"మిమ్మల్నెట్ల అడుగుత మేడం? మీరు ఉన్నది ఉన్నట్టు రాసేటోళ్లు. గిట్లాంటి ముచ్చట మీ ముంగట తియ్యాల్నంటే నాకిప్పటికి భయమే."

ఉన్నది ఉన్నట్టు. ఆ మాట వచ్చి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. "నన్ను ఎన్నో స్థానంలో రాశావు?"

"ఇంకేడ? ఫస్టే!" అని రేఖ నవ్వేసింది. "ఎవ్వరు మిగల్లే గద. వద్దనంది మీరొక్కరే. మేడంకు దిష్టి గిష్టి పట్టింపు లేదు, మస్తు ధైర్నం అనుకున్నం అందరం." అని, ఎదుటి ముఖం చూసి నవ్వు ఆపేసింది. "ఏంది మేడం, గట్లైతున్నరు? నీళ్లు తెమ్మంటరా?"

వాసంతి రెండు ముక్కల్లో చెప్పింది, ఉదయ్ భాస్కర్ అన్నదీ, తను తల ఊపినదీ. రేఖ నుదురు కొట్టుకుంది. "అయ్యో, ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద మేడం! అందరికి నేనే చెప్పి మిమ్మల్ని ఎనిమిదిల వెట్టిస్తుంటి!" అప్పుడే అటుగా వచ్చిన వీరేశం గారు, మాట చెవిన పడ్డట్టుంది, చేతిలో సమోసాతో ఆగి, "ఆ పొట్టి పిల్లను కూసోవెట్టి మమ్ములను గెలవనిచ్చిన్రు గద మేడం, మేమేమన్న గుడ్డోళ్లమా? దాసుకున్నరంటేనే దగ్గర సరుకున్నదని తెల్వదా?" అని కన్ను గీటి లోపలికి నడిచాడు. అంటే అది కూడా. నోరు తెరవకపోవటం ఒక కారణమైతే, పిల్లను దాయటం మరొకటి; కిందికి పోవటానికి వేసుకున్న ప్రతి మెట్టూ ఎవరో తిరగేసి పైకి వేశారు, వేసింది ఎవరో కాదు, తనే.

మందిరం లోపల చీకటి, తెర మీద మాత్రం నీలి వెలుగు. ముందు వరుసలో ఉదయ్ భాస్కర్, ఆయన పక్కన డబ్బు పెట్టే పెద్దమనిషి. మధ్యలో ఎనిమిది జట్ల అమ్మాయిలు రంగు రంగుల జెర్సీల్లో. కోచ్‌లు పక్క వరుసల్లో. తెర మీద పేర్లు కింది నుంచి పైకి వస్తాయన్నారు. ఎనిమిది. డప్పుల మోత, వాసంతి కళ్ళు మూసుకుంది, మాదే, మాదే కావాలి, తెరిచి చూస్తే వచ్చిన పేరు ఇంకెవరిదో. తన పిల్లల్లోంచి ఒక చిన్న కేక లేచింది, ఆనందపు కేక, ఎనిమిదోది మనం కాదే! అని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు, వాళ్ళు కూడా దానికే సిద్ధపడి వచ్చారన్నమాట, సిద్ధపరిచింది ఎవరు, బస్సులో పాటలు మాన్పించింది ఎవరు. ఏడోదీ వేరే ఎవరో. పిల్లలు సగం లేచి నిలబడ్డారు. ఉదయ్ భాస్కర్ వెనక్కి తిరిగి వాసంతి కోసం వెతికి, కనుబొమలు ఎగరేసి మెచ్చుకోలుగా తల ఊపాడు. అయిదు వచ్చింది, పోయింది. తెర ఒక్కో మెట్టు ఎక్కుతూంటే అక్కడ పిల్లల గొంతు ఒక్కో మెట్టు లేస్తోంది, ఇక్కడ తన ఆశ ఒక్కో మెట్టు దిగుతోంది, ఒకే పేరు రాకపోవటం ఒకే గదిలో ఇద్దరికి రెండు రకాలుగా ఎలా జరుగుతుందో, పెళ్ళివారి ఇంట్లో దీపం దొంగకు వేరేగా కనిపించినట్టు, నేను దొంగనా, ఎవరి సొమ్ము దాచాను, ఆ పొట్టిపిల్ల చేతుల్లో ఉన్నది ఎవరి సొమ్ము. రెండో స్థానం దగ్గర రేఖ జట్టు పేరు వచ్చింది. ఇక మిగిలింది ఒకటే. తెర మీద కొండాపూర్ అన్న అక్షరాలు పూలు రాలుతున్నట్టుగా వచ్చి నిలిచాయి.

పిల్లలు కేక వేయలేదు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది పక్క జట్ల కోచ్‌లు, గండం గడిచినవాళ్ళ చప్పట్లు. రసజ్ఞ లేవలేదు. కుర్చీలోనే వెనక్కి తిరిగి, ఆ చీకట్లో, ఆ రోజు పక్కన కూర్చుని చూసిన చూపే చూసింది. వ్యాఖ్యాత అమ్మాయి, కోచ్ మేడంను వేదిక మీదికి రమ్మని పిలుస్తోంది.

నడవ పొడుగునా, మెట్లు ఎక్కుతూ, వాసంతి తన ముందున్నవి రెండే వాక్యాలని చూసుకుంది. ధన్యవాదాలు, మా అదృష్టం, అని దిగిపోవచ్చు. అప్పుడు పోటీ గెలిస్తే తప్ప కోర్టు లేదు, గెలవరు, వీరేశం గారి పిల్లల ముందు గెలవరు. లేకపోతే ఉన్నది చెప్పేయవచ్చు, ఇది స్థానం కాదండీ, మర్యాద, అందరూ వద్దన్నది మాకు దక్కింది, మేము ఎనిమిదోవాళ్ళమే అని. ఉదయ్ భాస్కర్ నవ్వి ఊరుకుంటాడు, కోర్టు నిలుస్తుంది, ఆ పిల్ల బూటు తాడు విప్పుతూ కడుతూ అలా ఉండిపోతుంది. ఒకటి, ఎనిమిది. ఒకటి ఎదుటివాళ్ళ భయం, ఎనిమిది నా భయం. ఈ రెంటిలో ఏదీ పిల్లల గురించి కాదు. పిల్లల గురించి ఎవరు అన్నారు ఇంతవరకు? ఎవరి జట్టును వారు లెక్కలోకి తీసుకోకూడదు. ఆ నియమం చల్లటి నీడలా ఉండేది ఇన్నాళ్ళూ, దాని కింద కూర్చుని, మీరు ఎంతటివాళ్ళో అని ఒక్కసారైనా చెప్పవలసిన పని తప్పించుకుంది. కంపెనీ చెప్పేది కంపెనీ తన గురించి తాను చెప్పుకునే మాట, పక్క కంపెనీవాళ్ళు చెప్పింది కాదు, ఉదయ్ భాస్కర్ గారూ, ఆ రోజు కాఫీ ముందు నాకు ఈ మాట ఎందుకు తోచలేదు. మైకు చల్లగా తగిలింది.

"ఫేవరెట్స్‌గా నిలబడటం ఎలా అనిపిస్తోంది మేడం?"

"అంచనా తప్పండీ," అన్నది వాసంతి.

మైకును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "మేము మొదటివాళ్ళం కాము. ఎందుకు మొదట వచ్చామో మా కోచ్‌లందరికీ తెలుసు." పక్క వరుసల్లో నవ్వులు, వీరేశం గారి దగ్గు. "నా జట్టుకు నేను స్థానం ఇవ్వకూడదని నియమం. అయినా ఇస్తున్నాను, తప్పయితే నన్ను మందలించండి. నాలుగు." ఆ అంకె నోటి నుంచి వెలువడిన తరువాత కాని అది తనలో ఎప్పటి నుంచి ఉందో ఆమెకు తెలియలేదు, గాలి లేని ఆ హాల్లో, ఆ బంతి అక్కడ నిలిచినప్పటి నుంచి. "మొహమాటానికి చెప్పటం లేదు, బడాయికీ చెప్పటం లేదు. నేను చూశాను కనుక చెబుతున్నాను. ఉదయ్ భాస్కర్ గారూ, మీరు ఏ లెక్క కట్టినా నా నాలుగుతో కట్టండి. తగ్గితే తవ్వుకోండి."

చాలామందికి ఆ చివరి మాట అర్థం కాలేదు. అర్థమైన కొద్దిమందిలో ఒకడైన ఉదయ్ భాస్కర్, పక్కన పెద్దమనిషి ఆసక్తిగా ఆయన వైపు తిరగటంతో, కోటు సర్దుకుంటూ లేచి నిలబడవలసి వచ్చింది. "కంపెనీ తన అంచనాను తానే మార్చుకున్నట్టు, గైడెన్స్ రివైజ్ చేశారన్నమాట మేడం!" నవ్వులు. ఆయనా నవ్వాడు, కాని కళ్ళు లెక్క కడుతూనే ఉన్నాయి. "సరేనండీ. అందరి ముందూ అన్నారు. నాలుగంటే నాలుగే. అయిదొస్తే మాత్రం నేను వినను."

"వినవద్దు," అన్నది వాసంతి.

బయట నడవాలో జనం సమోసాల చుట్టూ మూగారు. ఏం చేశాను, ఏం చేశాను, పరాయివాళ్ళు వేసిన అంకె తప్పితే పరాయివాళ్ళ మీదికి తోయవచ్చు, ఈ అంకె తప్పితే ఎవరి మీదికి తోస్తాను, కొట్టేవాళ్ళలో ఒక్క పిల్లకు జ్వరం వస్తే, ఒక్క మడమ నిజంగానే బెణికితే, నాలుగంటే నలుగురిని ఓడించాలి, కనీసం నలుగురిని, అని గోడకు ఆనుకోబోతూండగా జెర్సీలన్నీ వచ్చి చుట్టుముట్టాయి. అందరికంటే వెనక వచ్చిన రసజ్ఞ అందరినీ తోసుకుని ముందుకు వచ్చింది.

"మేడం, నాలుగని మీకు ఎప్పటి నుంచి తెలుసండీ?"

"ఆ ఆదివారం నుంచి."

"మరి ఆ రోజు నన్నెందుకు ఆడనివ్వలేదు?"

"నిన్ను చూస్తారని."

పిల్ల ఆమె కళ్ళలోకే చూస్తూ, "చూడనివ్వండి," అన్నది. ఆ వెంటనే, ఆ సంగతి అంతటితో అయిపోయినట్టు, "మనకంటే పైన ఉన్న ఆ ముగ్గురు ఎవరండీ?" అని అడిగింది.

అలవాటు కొద్దీ వాసంతి చుట్టూ చూసింది, ఎవరైనా వింటున్నారేమోనని. అందరూ వింటున్నారు. "ఒకటి వీరేశం గారి పిల్లలు," అన్నది మామూలు గొంతుతోనే.

"అమ్మో మేడం, గంత గట్టిగ అనకుండ్రి!" వీరేశం గారు అక్కడి నుంచే చేతులు జోడించాడు.

"రెండు, రేఖ వాళ్ళు."

"రేఖ మేడం వాళ్ళా? వాళ్ళ సర్వీసు సగం నెట్టులోనే పడుతుంది కదా!" అన్నది ఒక అమ్మాయి. "నెట్ల వడ్డయి లెక్కవెట్టుకుంటున్నవ్, అవతల వడ్డయి ఎవరు లెక్కవెడ్తరే?" అని రేఖ వెనక నుంచి ఆ పిల్ల జడ లాగింది, ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు, మూడోవాళ్ళు ఎవరో చెప్పండని ఒకరు, ఎవరైతేనేం వాళ్ళను కూడా కొడదామని ఒకరు. రసజ్ఞ మాత్రం నవ్వలేదు, వాదించలేదు.

"వీరేశం సార్ వాళ్ళ లిఫ్టర్ బంతిని వెనక్కి ఇచ్చే ముందు ఏం చేస్తుందో మీరు గమనించారా మేడం? నేను ఆ రోజు పక్కనే కూర్చున్నాను కదా. నడుము కొంచెం వంచుతుంది. ఇలా."

"అలా కాదు," అన్నది వాసంతి. సంచీ తీసి పక్కనున్న అమ్మాయి చేతికిచ్చింది, రెండు చేతులూ నుదుటి పైకి ఎత్తింది. పక్క జట్ల కోచ్‌లు కూడా చూస్తున్నారు, దించలేదు. "చూడు. నడుము కంటే ముందు మోచేయి చెబుతుంది."